యురోవ్ వచ్చేశాడు సరే, మొదటి రోజే సెంటర్‌లో ఆడించాలా, అయోవాకి పంపాలా?

రింక్‌సైడ్ రాజు (సెయింట్ పాల్), జులై 2025

మూడేళ్ళ నుంచి ఈ థ్రెడ్ ఎప్పుడు తెరుద్దామా అని కాచుక్కూర్చున్నా, ఇవాళ్టికి కుదిరింది. 2022 ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో మన మిన్నెసోటా వైల్డ్ 24వ పిక్‌గా తీసుకున్న రష్యన్ కుర్రాడు డనీలా యురోవ్ మే నెలలో మూడేళ్ళ ఎంట్రీ లెవెల్ (కొత్త ఆటగాళ్ళ) కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేశాడు, సెప్టెంబర్ క్యాంప్‌కి ఇక్కడే ఉంటాడు. 'ఏమో, వస్తాడో రాడో' బ్యాచ్ అంతా కాసిని మంచినీళ్ళు తాగండి.

ఇప్పుడు అసలు గొడవ. మన వాట్సాప్ గ్రూప్‌లో నిన్న సగం మంది 'ముందు మన కింది టీమ్ అయోవా వైల్డ్‌కి పంపాలి, కింద లీగ్‌లో ఓ ఏడాది నానబెట్టాలి' అంటున్నారు. నానబెట్టడానికి వాడేమన్నా మినప్పప్పా? 2023-24లో మాగ్నిటోగోర్స్క్ టీమ్‌కి 62 మ్యాచ్‌ల్లో 21 గోల్స్, అసిస్ట్‌లు కూడా కలిపి మొత్తం 49 పాయింట్లు, అదీ 20 ఏళ్ళకి, గడ్డాలు నెరిసినోళ్ళు ఆడే రష్యా పెద్ద లీగ్ కేహెచ్‌ఎల్‌లో. అదే ఏడు ఆ లీగ్ టైటిల్ గగారిన్ కప్ ఫైనల్లో లోకోమోటివ్‌ని 4-0తో ఊడ్చేశారు. ఇలాంటోణ్ణి తీసుకెళ్ళి ఏహెచ్‌ఎల్ (ఆ కింద లీగే) బస్సు ఎక్కిస్తామా? గాడ్రోని సియాటిల్‌కి ఇచ్చేశాం కాబట్టి సెంటర్‌లో (దాడి చేసే ముగ్గురిలో మధ్యవాడు) ఖాళీ ఎలాగూ ఉంది. నా మాట ఒక్కటే, మొదటి మ్యాచ్ నుంచే సెంటర్, పక్కన వింగ్‌లో మన స్టార్ కప్రిజోవ్.

నాకిందులో సొంత బాధ కూడా ఉందిలెండి. మాగ్నిటోగోర్స్క్‌లో సాయంత్రం 7 అయితే చలికాలంలో మనకి పొద్దున 8. అంటే సరిగ్గా మా స్టాండప్ కాల్ టైమ్. కెమెరా ఆఫ్ చేసి ఒక చెవిలో మేనేజరు, ఇంకో చెవిలో రష్యన్ కామెంటరీ, అందులో 'యురోవ్' అన్న ముక్క తప్ప నాకు అర్థమయ్యేది సున్నా. ఒకరోజు 'నీ అప్‌డేట్ ఏంటి' అని అడిగితే 'గోల్' అని అరిచా. ఇంత పడ్డాక వాణ్ణి సెయింట్ పాల్‌లో చూడకుండా ఉంటానా?

డిమోయిన్ బావ

రాజు గారూ, 2023-24 లెక్క చెప్పి పోయిన సీజన్ లెక్క మింగేశారేం? 46 మ్యాచ్‌ల్లో 25 పాయింట్లు. దెబ్బలు తగిలాయి, ఒప్పుకుంటా, కానీ తగ్గాడా లేదా?

నేనుండేది అయోవా వైల్డ్ ఆడే ఊళ్ళోనే కాబట్టి కింద లీగ్ అంటే మీకున్న చిన్నచూపు నాకు లేదు. మన సెంటర్ రాస్సీ సంగతి గుర్తుందా? 2020లో 9వ పిక్, ఆస్ట్రియా కుర్రాడు, కోవిడ్ తర్వాత గుండె వాపొచ్చి ఇంచుమించు ఒక సీజన్ మొత్తం పోయింది. 2022-23లో పైన 19 మ్యాచ్‌లు ఆడించారు, వచ్చింది ఒక్క అసిస్ట్. అప్పుడు ఇదే గ్రూప్‌లో 'బస్ట్, బస్ట్' అని డప్పు కొట్టారు, ఎవరెవరో నాకు గుర్తే. మా ఊరొచ్చి 53 మ్యాచ్‌ల్లో 51 పాయింట్లు కొట్టాడు. మరుసటి ఏడు పైకెళ్ళి 21 గోల్స్, పోయిన సీజన్ 24 గోల్స్ 60 పాయింట్లు. ఇది ఊరికే అయిందా?

టీవీలో కనపడనిది ఒకటి చెప్తా. అద్దం పక్క సీట్లో కూర్చుంటే పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) మూలకి దొర్లినప్పుడు ముందు అరుపులు వినిపిస్తాయి, తర్వాత ధబ్‌మని మీ మోకాళ్ళ దాకా అద్దం ఊగుతుంది, ఆ అర సెకనులో కుర్రాడు తల ఎత్తి చూశాడా లేదా, అదే తేడా. ఐరోపా నుంచి దిగిన ప్రతి కుర్రాడూ మొదటి నెలలో తల దించే ఉంటాడు. అది మా ఊళ్ళో నేర్చుకుంటే నొప్పి తక్కువ, వేగస్ టీమ్ మీద నేర్చుకుంటే స్ట్రెచర్.

ఓరుగల్లు వింగర్

బావా, మస్తుగ చెప్పినవ్ గని అయోవా పోయినోళ్ళంత రాస్సీలే అయితరా? వాల్‌స్టెడ్ సంగతేంది మరి? 2021ల 20వ పిక్, స్వీడన్ గోలీ, మూడు సీజన్లు మీ ఊళ్ళెనే ఉన్నడు, పోయిన ఏడు ముందటికంటె ఇంక కిందికి దిగిండు. మీ ఊరి నీళ్ళు అందరికి పడతలేవు.

అసలు నా భయం అయోవా కాదు, సెంటరూ కాదు. నాలుగో లైను, గదే, ముగ్గురేసి దిగే వరుసలల్ల ఆఖరిది. మన ఇంకో రష్యన్ ఖుస్నుత్దినోవ్‌కి చేసింది గదే కద. 2020ల రెండో రౌండ్ పిక్, నాలుగేండ్లు ఎదురుచూసినం, వచ్చినంక ఏం చేసిన్రు? రాత్రికి పది నిమిషాలు ఆడిచ్చుడు, పక్కకి గోల్ కొట్టెటోడు ఉండడు, పవర్‌ప్లే (అవతలోళ్ళు ఒకడు తక్కువున్నప్పటి ఆట) అంటే పేరుకి గూడ లేదు. పోయిన సీజన్ మన దగ్గర 57 మ్యాచ్‌లకి 2 గోల్స్. మార్చిల బోస్టన్‌కి పంపి బ్రాజోని తెచ్చుకున్నం, గాయన ఈ ఎండకాలం పిట్స్‌బర్గ్ పోయిండు. ఇప్పుడు మన చేతిల ఏమున్నది? బూడిద.

ఆడిస్తే మంచిగ ఆడియ్యాలె, లేకుంటె బావ చెప్పినట్టు కిందికి పంపి 20 నిమిషాలు ఆడియ్యాలె. మధ్యల పెట్టి మాడవెట్టుడు మాత్రం వద్దు.

కొత్తగా దిగా (బ్లూమింగ్టన్)

అన్నా నేను విశాఖ నుంచి వచ్చి ఆరు నెలలే అయింది, నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ హాకీ తప్ప తెలీదు, ఆఫీసోళ్ళు ఒక మ్యాచ్‌కి తీసుకెళ్తే ఎక్కేసింది. చిన్న డౌట్. 2022లో తీసుకుంటే 2025 దాకా ఎందుకు ఆగారు? ఐపీఎల్‌లో లాగ డబ్బులు పడేసి తెచ్చుకోవచ్చు కదా?

రింక్‌సైడ్ రాజు

ఇది వేలం కాదు తమ్ముడూ, డ్రాఫ్ట్. 18 ఏళ్ళ కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి, ఆ కుర్రాడి మీద హక్కు మనది అవుతుంది, అంతే, వాడు అప్పటికే ఎక్కడో ఆడుతుంటాడు. స్వీడన్, ఫిన్లాండ్ వాళ్ళతో ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒప్పందం ఉంది, లెక్క ప్రకారం ఫీజు కడితే వదుల్తారు. రష్యాతో ఒప్పందమే లేదు. అక్కడ కాంట్రాక్ట్ ఉందంటే అది అయిపోయేదాకా గోళ్ళు కొరుక్కోవడమే, లేదా ఆ క్లబ్బే దయతలచి వదలాలి. కాకపోతే హక్కు మాత్రం మన దగ్గరే ఉంటుంది. అందుకే ఆటలో పైనున్న రష్యన్ కుర్రాళ్ళు డ్రాఫ్ట్‌లో కిందికి జారుతుంటారు, ఆగే ఓపికున్నోళ్ళకి దొరుకుతారు.

ఫిల్లీ ఫణి

వేరే టీమ్ వాణ్ణి, దూరినందుకు తిట్టుకోకండి. మా ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ 2023లో మిచ్కోవ్‌ని 7వ పిక్‌గా తీసుకున్నప్పుడు వాడికి 2026 దాకా రష్యాలో కాంట్రాక్ట్, మేం మూడేళ్ళు గుండె రాయి చేసుకున్నాం, తీరా చూస్తే 2024లోనే వదిలేశారు. ఏహెచ్‌ఎల్ మొహం చూడకుండా 80 మ్యాచ్‌ల్లో 26 గోల్స్, 63 పాయింట్లు. మధ్యలో కోచ్ టోర్టొరెల్లా వాణ్ణి కూర్చోబెట్టాడు కూడా, బయట కూర్చుని మ్యాచ్ చూడమన్నాడు, మా వీధి మొత్తం తిట్టింది. నాకైతే అది కొంచెం పనికొచ్చిందనే అనిపించింది, ఈ మాట మా గ్రూప్‌లో అంటే తంతారు కాబట్టి ఇక్కడ అంటున్నా.

కానీ ఒకటి, వచ్చేదాకా నమ్మకండి. రష్యన్ గోలీ ఫెడోటోవ్ మాతో సంతకం పెట్టాక 2022 జులైలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పట్టుకుపోయారు, సైనిక సర్వీసు ఎగ్గొట్టాడని. ఉత్తరాన ఎక్కడో మంచులో తేలాడు. మా దగ్గరికి చేరింది 2024 మార్చిలో. యురోవ్ విమానం దిగాక సంబరాలు చేసుకోండి.

స్నో సుధ (మేపుల్ గ్రోవ్)

మావాడు ఏడేళ్ళోడు మైట్స్‌లో (చిన్నపిల్లల హాకీ) ఆడతాడు, వారానికి నాలుగు సార్లు రింక్‌లో చలికి వణుకుతూ కూర్చునేదాన్ని కాబట్టి నాక్కూడా రెండు ముక్కలు మాట్లాడే హక్కుంది. మీరందరూ 'ఎక్కడ' అని కొట్టుకుంటున్నారు గానీ 'ఏ ప్లేస్‌లో' అన్నది ఒక్కరూ సరిగ్గా తేల్చట్లేదు.

వింగర్ తప్పు చేస్తే ఓ షాట్ పోతుంది. సెంటర్ తప్పు చేస్తే మన గోల్‌లో పడుతుంది. సెంటర్ అంటే ఫేస్‌ఆఫ్ (ఆట మొదలెట్టేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ) గెలవాలి, వెనక్కి పరిగెత్తి మూడో డిఫెన్స్‌మన్‌లా గోల్ ముందు కాపలా కాయాలి, మళ్ళీ పక్ తీసుకుని పైకెళ్ళాలి. యురోవ్ పుట్టుకతో వింగరు, సెంటర్‌కి మార్చింది మొన్న మొన్నే. పైగా అంతర్జాతీయ రింక్ 30 మీటర్ల దాకా వెడల్పు ఉంటుంది, ఇక్కడ దాదాపు 26. ఆ నాలుగు మీటర్లంటే ఏంటో మా వాడి కోచ్ ఒకసారి మాకు చూపించాడు, నారింజ కోన్‌లు పెట్టి అటూ ఇటూ రెండేసి మీటర్లు లోపలికి జరిపాడు, అప్పటిదాకా సీతాకోకచిలకల్లా తిరిగిన పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఆలోచించుకునే టైమే ఉండదు.

అయోవా వద్దు, సెంటరూ వద్దు. మన సెంటర్ ఎరిక్సన్ ఎక్ పక్కన వింగ్‌లో పెట్టండి. వెనకాల పనంతా ఆయన చూసుకుంటాడు, వీడు తప్పులు చేసుకుంటూ నేర్చుకుంటాడు.

ఓరుగల్లు వింగర్

సుధక్కా, రష్యాల అన్ని రింకులు 30 మీటర్లు లేవు. కొన్ని 28, కొన్ని మనలెక్క 26 గూడ ఉన్నయ్. వాడేం కొత్తగ ఇరుకు చూస్తలేడు.

స్నో సుధ (మేపుల్ గ్రోవ్)

సరే తమ్ముడూ, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. ఫేస్‌ఆఫ్ ముక్క మాత్రం తీసుకోను.

పాత నార్త్‌స్టార్

పిల్లలూ, ఇక్కడున్నోళ్ళలో 1993లో మన పాత టీమ్ నార్త్ స్టార్స్ డాలస్‌కి మూట కట్టుకుపోయినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నది నేనొక్కణ్ణే అనుకుంటా. 1991లో ఫైనల్ దాకా వెళ్ళి ఓడి, రెండేళ్ళకి టీమే లేకుండా పోయింది. కాబట్టి ఎదురుచూడ్డం గురించి నాకు చెప్పొద్దు.

కప్రిజోవ్‌ని 2015లో ఐదో రౌండ్‌లో, 135వ పిక్‌గా తీసుకుంటే ఆ రోజు ఎవరూ తల తిప్పలేదు. తర్వాత ప్రతి వేసవికీ ఇదే పాట, ఈ ఏడు వస్తాడు, ఈ ఏడు వస్తాడు. 2018 ఒలింపిక్స్ ఫైనల్లో జర్మనీ మీద ఓవర్‌టైమ్ గోల్ కొట్టాడు, నేను సోఫాలో అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని చూస్తూ ఏడిచినంత పని చేశా, మన జెర్సీ వేసుకోకుండానే వాడు మనోడైపోయాడు. చివరికి 2021 జనవరి 14న లాస్ ఏంజెలెస్‌లో మొదటి మ్యాచ్. మూడు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్. కోవిడ్ రోజులు, స్టేడియం ఖాళీ, వాడి అరుపు ప్రతిధ్వనించింది. ఐదున్నరేళ్ళు ఆగింది ఆ ఒక్క రాత్రికి చెల్లుకు చెల్లు.

అయితే ఒకటి చూడండి. వాడు వచ్చేసరికి 23 ఏళ్ళు, మాస్కో టీమ్ సీఎస్‌కేఏలో కప్పు కొట్టి, గోల్స్‌లో లీగ్‌కే పైన నిలబడి వచ్చాడు. పక్కన సెంటర్ ఎవరు? రాస్క్. ఆ రాస్క్‌తోనే 55 మ్యాచ్‌ల్లో 27 గోల్స్ కొట్టి కాల్డర్ ట్రోఫీ (ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చేది) పట్టుకెళ్ళాడు. పండిపోయి వచ్చినోడికి ఎవరినిచ్చినా ఒకటే. యురోవ్ పండి వచ్చాడా, కాయగా ఉండగానే కోశామా, అది చూడాలి. నాకు తెలిసి దోరగా ఉన్నాడు.

డిమోయిన్ బావ

అంకుల్, దోరకాయని మగ్గబెట్టేది మా ఊళ్ళోనే అండీ.

రింక్‌సైడ్ రాజు

మగ్గబెట్టే టైమ్ ఎక్కడిది బావా? పారిసే, సూటర్ ఇద్దరినీ 2021లో బైఅవుట్ చేసిన (డబ్బిచ్చి కాంట్రాక్ట్ తెంచిన) పాపానికి రెండు సీజన్ల పాటు ఏడాదికి 14.7 మిలియన్ డాలర్ల క్యాప్ (జీతాల పరిమితి) గాల్లో కలిసింది, ఆ శని ఇప్పుడే వదిలింది. వచ్చే వేసవితో కప్రిజోవ్ కాంట్రాక్ట్ అయిపోతుంది. రాస్సీ ఇంకా సంతకమే పెట్టలేదు, ప్లేఆఫ్స్‌లో వాణ్ణి నాలుగో లైనుకి నెట్టారు, మరి ఆ కోపం పోయిందో లేదో. 2015 తర్వాత ఒక్క సిరీస్ గెలవలేదు మనం! ఏడాదికి మిలియన్ కూడా ఖర్చవ్వని కుర్రాడు టాప్ సిక్స్‌లో (మొదటి రెండు లైన్లు) ఆడితే మిగిలిన డబ్బుతో ఎంత చెయ్యొచ్చు. కప్రిజోవ్ ఉండాలంటే వాడికి కనపడాలి, టీమ్ ఎటో పోతోందని. తరాసెంకోని తెచ్చారు, ట్రెనిన్ ఉన్నాడు, యురోవ్‌తో కలిపి రూమ్‌లో నలుగురు రష్యన్లు. ట్రెనిన్, యురోవ్ ఇద్దరిదీ చెల్యాబిన్స్కే, ఊరోడు పక్కనుంటే కుర్రాడికి భాష బెంగ ఉండదు. అయోవా పంపితే వాడితో రష్యన్‌లో మాట్లాడేదెవరు, నువ్వా?

డిమోయిన్ బావ

నాకు గోంగూర పప్పు వండటం వచ్చు, చాలదా.

స్నో సుధ (మేపుల్ గ్రోవ్)

భాష విషయం మాత్రం రాజు అన్నది నిజం. దేశం కాని దేశం వచ్చిన మొదటి చలికాలం ఎలా ఉంటుందో మనకి ఒకళ్ళు చెప్పాలా. నేనైతే ఆ జనవరిలో తెలుగు మాట వినపడితే కిరాణా కొట్లో తెలీని వాళ్ళ వెనకాల నడిచా.

రింక్‌సైడ్ రాజు

సరే సుధ గారూ, ఎరిక్సన్ ఎక్ పక్కన వింగ్ అంటే పది మ్యాచ్‌ల వరకు ఓర్చుకుంటా. పదకొండో మ్యాచ్‌కి సెంటర్‌లో లేకపోతే మళ్ళీ ఇదే థ్రెడ్ పైకి తెస్తా. నాలుగో లైన్‌లో పెడితే మాత్రం ఓరుగల్లు తమ్ముడూ నేనూ కలిసి ప్లకార్డ్ పట్టుకుంటాం.

ఓరుగల్లు వింగర్

ప్లకార్డ్ నేనే రాస్త. తెలుగుల రాద్దాం, కోచ్ హైన్స్‌కి సమజ్ కాదు, మనల్ని బయటికి దొబ్బరు.

డిమోయిన్ బావ

పందెం. నవంబర్ ఆఖరికి యురోవ్ మా ఊళ్ళో ఒక్క మ్యాచ్ అయినా ఆడితే మీరందరూ కార్లేసుకుని ఐ-35 మీద కిందికి రావాలి, టికెట్లు మీవి, భోజనం మాది. ఆడకపోతే నేనే పైకొస్తా, బిర్యానీతో సహా.

పాత నార్త్‌స్టార్

నన్ను లెక్కలోంచి తీసేయకండి. నేనెటైనా తింటా.

కొత్తగా దిగా (బ్లూమింగ్టన్)

అన్నా ప్రీసీజన్ మ్యాచ్‌కి నన్నూ తీసుకెళ్తారా? లోపల చలికి స్వెట్టర్ సరిపోద్దా?

స్నో సుధ (మేపుల్ గ్రోవ్)

పై సీట్లయితే స్వెట్టర్ చాలు బాబూ. అద్దం పక్కనైతే జాకెట్ తెచ్చుకో, కింద రెండు జతల మేజోళ్ళు.