లారీ దిగుతూ పడ్డాను, మడమ విరిగింది. ఓనరు తనకు సంబంధం లేదంటున్నారు

ప్రశ్న:
పన్నెండేళ్లుగా లారీ తోలుతున్నాను. పోయిన నెల మిర్యాలగూడలో బియ్యం లోడెత్తుకుని కాకినాడ పోర్టుకు వెళ్లాను. తెల్లవారుజామున కాటా చీటీ (లోడు తూకం వేసిన చీటీ) కోసం దిగుతుంటే వానకు తడిసిన మెట్టు మీద చెప్పు జారింది. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో ఫోను. పట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. నాలుగడుగుల ఎత్తు నుంచి ఎడమ మడమ మీద పడ్డాను. ఎముక విరిగి స్క్రూలు వేశారు. మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఓనరు పదివేలు చేతిలో పెట్టి, "బండి నడుపుతూ గుద్దితే ఇన్సూరెన్స్ వస్తుంది, దిగుతూ పడితే ఏం వస్తుంది?" అన్నారు. నిజమేనా? పిల్లల స్కూలు ఫీజులు కట్టాల్సిన నెల ఇది.

జవాబు 1:
నిజం కాదు తమ్ముడూ. కాటా చీటీ తేవడం నీ డ్యూటీలో భాగమే. పని మీద ఉండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలితే చాలు, చేతిలో స్టీరింగే ఉండాలని లేదు. లారీ ఇన్సూరెన్స్ పాలసీలోనే డ్రైవరు పరిహారం బాధ్యత చాలాసార్లు కలిసి ఉంటుంది. ముందు ఆ పాలసీ కాపీ అడుగు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా పడ్డావో రాసి ఓనరుకు రిజిస్టర్ పోస్టులో పంపు. ఆ రోజు కాటా చీటీ, వేబిల్లు, ఎక్స్‌రే, డిశ్చార్జ్ సమ్మరీ, జీతం ఫోన్‌పేలో పడిన వివరాలు జాగ్రత్త చేసుకో. అవి తీసుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లు. నోటి మాటతో సర్దుకుని తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు.

జవాబు 2:
అన్నా, నాకు 2019లో మోకాలు పోయింది. పది గంటలు కూర్చుని లేస్తే కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, మెట్టు తెలియదు. ఇప్పుడు కాగితాలు సీటు మీదే పెట్టేస్తాను. క్యాబిన్ వైపు తిరిగి, రెండు చేతులతో హ్యాండిళ్లు పట్టుకుని, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగుతాను. కింద నిలబడ్డాక కాగితాలు అందుకుంటాను. హవాయి చెప్పులు మానేశాను. మెట్టు అరిగి నున్నబడితే విజయవాడ ఆటోనగర్‌లో గళ్ల రేకు వెల్డింగ్ చేయించాను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. కాటా చీటీ క్లీనర్ దగ్గరే ఉంది, టైము 4.12 అని ఉంది. నేను పడటం కూడా వాడు చూశాడు. సోమవారం మా బావమరిది బండి మీద లేబర్ ఆఫీసుకు వెళ్తాను.