1952లో విశాఖపట్నానికి ఇద్దరు ఎంపీలు ఎలా వచ్చారు?

ప్రశ్న (మద్దిలపాలెం నుంచి):
అందరికీ నమస్కారం. తొలి లోక్‌సభ సభ్యుల జాబితాలో విశాఖపట్నం పేరుకు ఎదురుగా లంకా సుందరం, గాం మల్లుదొర అని ఇద్దరి పేర్లున్నాయి. మధ్యలో ఉపఎన్నిక జరిగిందేమో అనుకున్నాను గానీ, ఇద్దరూ 1952లోనే గెలిచినట్టు ఉంది. పాత నగరంలో కాపురమున్న మా తాతమ్మ "మొదటిసారి రెండు చీటీలిచ్చారు, రెండు పెట్టెల్లో వేశాం" అనేది. పెద్దతనంలో ఏదో తికమక పడుతోందని మేమంతా కొట్టిపారేసేవాళ్లం. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

సమాధానం (సీతమ్మధార నుంచి):
మీ తాతమ్మగారు చెప్పింది అక్షరాలా నిజమండీ. అప్పట్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే ప్రాంతానికి రెండు స్థానాలు. అందులో ఒకటి షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయినది. 1952లో దేశం మొత్తం మీద ఇలాంటి లోక్‌సభ నియోజకవర్గాలు 86 ఉండేవి. ఓటరుకు రెండు ఓట్లుండేవి గానీ, రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి వీల్లేదు. చీటీ మీద ముద్ర వేసే పద్ధతి ఇంకా రాలేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతని గుర్తు అంటించి ఉండేది, తెర చాటుకు వెళ్లి నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే.

గెలిచిన ఇద్దరూ స్వతంత్రులే. సుందరం గారు ఆర్థికవేత్త. మల్లుదొర గారు అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడిన గాం గంటందొరకు తమ్ముడు. తానూ ఆ దళంలో ఉండి పట్టుబడి, యావజ్జీవ శిక్ష మీద అండమాన్ వెళ్లారు. దొరతనం ఖైదీగా పంపిన మనిషిని మన్యమూ మైదానమూ కలిసి ఢిల్లీకి పంపిన ఎన్నిక అది. విశాఖలో ఆయన పేరు ఇంత తక్కువగా వినిపించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

సమాధానం (పార్వతీపురం వాసి, ప్రస్తుతం గోపాలపట్నం):
పై వివరణకు ఒక ముఖ్యమైన సంగతి చేర్చాలి. రెండో స్థానాన్ని "గిరిజనేతరుల సీటు" అని చాలామంది పొరబడతారు, అది అందరిదీ. లెక్కింపులో మొదట తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వు స్థానం ఇచ్చేవారు. ఆ తర్వాత మిగిలిన వారందరిలో, వారు ఏ వర్గంవారైనా సరే, ఎక్కువ ఓట్లు వచ్చినవారికి సాధారణ స్థానం దక్కేది. 1957లో మా పార్వతీపురంలో సరిగ్గా ఇదే జరిగింది. బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ గిరిజనులే. అప్పటికే కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి ఓడిపోయారు.

రిజర్వు స్థానం కోసం తన తెగను ప్రకటించుకున్న అభ్యర్థికి సాధారణ స్థానం ఎలా ఇస్తారని, పైగా సూరిదొర మూకదొర తెగను వదిలి క్షత్రియుడైపోయారని గిరి వాదించారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది; 1959లో మెజారిటీ తీర్పు సూరిదొర వైపే వచ్చింది. గిరిజనుడు సాధారణ స్థానానికి కూడా హక్కుదారేనని అంత స్పష్టంగా తేలిన ఆ తీర్పు మా ప్రాంతం నుంచి వెళ్లిందని చెప్పుకోవడం నాకు గర్వం.

రెండేళ్లకే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. 1962 నుంచి ఒక నియోజకవర్గానికి ఒక్కరే. విశాఖ అంతకుముందే, 1957లోనే, ఏకసభ్యమైంది. ఆ ఏడు పూసపాటి విజయరామ గజపతిరాజు ఒక్కరే గెలిచారు. మన్యం వైపు గొలుగొండ పేరుతో మరో ద్విసభ్య నియోజకవర్గం ఆ ఒక్క ఎన్నికకు ఉండి, తర్వాత పటం మీద నుంచి పోయింది. పార్వతీపురం లోక్‌సభ స్థానం కూడా 2008 పునర్విభజనలో పోయి, అరకు వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు తాతమ్మ మాట ఇంకొకటి గుర్తొస్తోంది. "రెండూ ఒక దాంట్లోనే వేస్తే ఒకటి చెల్లదని మీ తాతయ్య దారంతా చెబుతూనే ఉన్నారు" అనేది. ఇన్నేళ్లూ అది కథ అనుకున్నాం.