కట్టు ఎడమ చేతికి, కసరత్తు కుడి చేతికా?

గోదారిగాలి: అమ్మ బాత్రూంలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగి సిమెంటు కట్టు వేశారు. ఫిజియోథెరపీకి తీసుకెళ్తే, బాగున్న కుడి చేత్తో బంతి నొక్కిస్తున్నారు. రోజుకి 400 రూపాయలు. దాంతో ఎడమ చేతికి బలం వస్తుందట! నమ్మేవాళ్లున్నారా?

ఫిజియోసుధ: వస్తుందండీ. యేల్ యూనివర్సిటీలో స్క్రిప్చర్ అనే సైకాలజిస్టు బృందం ఒక చేత్తో రబ్బరు బల్బు నొక్కించి చూసింది, 1894 నాటి మాట. నొక్కని చేతి పట్టు కూడా పెరిగింది. అక్కడ కండ పెరగదు, మెదడు ఆ కండని వాడుకునే తీరు మెరుగవుతుంది.

నిప్పుకణిక: కండ పెరగదని మీరే అంటున్నారు. మరి బలం గాల్లోంచి వస్తుందా? ఇన్నేళ్లుగా జిమ్ చేస్తున్నా, ఇలాంటిది చూళ్లేదు.

ఫిజియోసుధ: జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండు మూడు వారాల్లోనే బరువు పెంచేస్తారు. అప్పటికి కండ ఏపాటి పెరుగుతుంది? ఎక్కువ కండపోగుల్ని ఒకేసారి పనిలోకి దించడం మెదడుకి అలవాటవుతుంది. అందులో కొంత రెండో వైపుకీ అందుతుంది. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, కసరత్తు చేయని వైపు బలం సగటున 8 నుంచి 12 శాతం పెరిగింది.

నిప్పుకణిక: కండ పెరగదు. అంతే కదా?

వానచినుకు: మా బావకి మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయ్యాక రెండో కాలితో చేయించారు. ఒరిగిందేం లేదు.

ఫిజియోసుధ: మోకాలి విషయంలో ఫలితాలు అటూ ఇటూగానే ఉన్నాయి. మణికట్టుకి మాత్రం 2013లో కెనడాలో, 50 దాటిన ఆడవాళ్ల మీద చూశారు. బాగున్న చేత్తో కసరత్తు చేసినవాళ్లకి, చేయనివాళ్లకంటే 12 వారాలకి విరిగిన చేతి పట్టు మెరుగ్గా ఉంది. 26 వారాలకి తేడా పోయింది.

గోదారిగాలి: ఆరు నెలలకి అందరూ ఒకటే అయితే ఈ ఖర్చెందుకు?

ఫిజియోసుధ: మూడో నెలకే చెంబు ఎత్తగలిగితే అది మీ లెక్కలోకి రాదా? అదే మిషనుతో చేతికి కరెంటు పెడితే నోరెత్తకుండా 400 ఇస్తారు. కసరత్తు చెబితే మోసం!

గోదారిగాలి: మాటలు జాగ్రత్తండీ. ఆటోకి 150 వేరే. ఎలా చేయించాలో కాగితం మీద రాసివ్వండి, ఇంట్లో చేయిస్తాం అంటే "కుదరదు, రోజూ రావాలి" అన్నారు. ఆ ఫిజియోథెరపీ సెంటర్ పేరు బయటపెట్టడం ఇష్టం లేదు గానీ, నా కోపం దాని మీదే.

ఫిజియోసుధ: ఆ ముక్క మొదటే అడగాల్సింది! ఇంట్లో చేయించొచ్చు. మెత్తటి బంతి ఊరికే పిసికితే లాభం లేదు, చెయ్యి వణికేంత గట్టిగా నొక్కించాలి. ఊపిరి బిగబట్టనివ్వకండి, బీపీ ఉంటే ముందు డాక్టర్ని అడగండి. వారానికి మూడు రోజులు చాలు.

గోదారిగాలి: మూడు రోజులు చాలా? మరి రోజూ రమ్మన్నదెందుకు?