మంట ఆరాక కాలమ్ కూలుతోంది: మోడల్ తప్పా, నిజమా?

కడ్డీలెక్క
నాలుగంతస్తుల కాంక్రీట్ ఫ్రేమ్‌ను సాఫిర్‌లో (మంటలో నిర్మాణాల ప్రవర్తనను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) మోడల్ చేస్తున్నాను. కింది అంతస్తులో ఒక గదిలో మంట. మధ్యలో 300×300 మిల్లీమీటర్ల కాలమ్, నాలుగు పక్కలా వేడి తగులుతోంది. గది ఉష్ణోగ్రత ఐఎస్ఓ 834 అనే ప్రామాణిక మంట వక్రరేఖ ప్రకారం గంటసేపు పెరిగి, 945 డిగ్రీలకు చేరి, ఆ తర్వాత తగ్గుతుంది. పెరిగినంతసేపూ కాలమ్‌కు ఏమీ కాలేదు. గది చల్లబడ్డాక చాలాసేపటికి లెక్క ఆగిపోతోంది. టైమ్ స్టెప్ తగ్గించి చూశాను, అక్కడే ఆగుతోంది. ఇది న్యూమరికల్ ఇబ్బందా, నిజంగానే కాలమ్ పోతోందా? ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పగలరు.

ఫైబర్‌బీమ్
సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టేయకండి, ముందు రెండు గ్రాఫులు గీయండి. ఒకటి, కాలమ్ పైకొన ఎంత జరిగిందో కాలంతో పాటు. వేడెక్కుతున్నప్పుడు వ్యాకోచంతో పైకి లేస్తుంది, తర్వాత కిందికి దిగుతుంది. లెక్క ఆగే ముందు దిగే వేగం అంతకంతకూ పెరుగుతుంటే అది నిజమైన వైఫల్యం. గీత నెమ్మదిగా పోతూ పోతూ ఉన్నట్టుండి తెగిపోతే సాల్వర్‌ని (సమీకరణాలు సాధించే భాగాన్ని) అనుమానించండి. అప్పుడు స్టాటిక్ వదిలి, కదలిక జడత్వాన్నీ లెక్కలోకి తీసుకునే డైనమిక్‌లో నడపండి. రెండోది, సెక్షన్ (కాలమ్ అడ్డుకోత) నడిమధ్య నోడ్ (లెక్క కట్టే బిందువు) ఉష్ణోగ్రత. దాన్ని గంట దగ్గర ఆపకుండా చివరిదాకా గీయండి.

కడ్డీలెక్క
గీశాను. దిగే వేగం చివర్లో బాగా పెరుగుతోంది. మధ్య నోడ్ చూసి ఆశ్చర్యపోయాను. గంట దగ్గర అది ఇంకా వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉంది. గదిలో మంట తగ్గుతున్న కొద్దీ అది ఎక్కుతూ పోయింది!

చల్లారేదశ
జవాబు మీ రెండో గ్రాఫులోనే ఉంది. నేను ఎక్కువ కాలం పనిచేసింది ఈ విషయం మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కాంక్రీట్‌లో వేడి చాలా మెల్లగా కదులుతుంది. పైగా లోపలి నీరు ఆవిరి కావడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. ఐరోపా కాంక్రీట్ డిజైన్ ప్రమాణమైన యూరోకోడ్ 2 అగ్ని భాగంలో విశిష్టోష్ణం (కిలో కాంక్రీట్‌ను ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి) వంద డిగ్రీలు దాటగానే గోపురంలా లేస్తుంది. పొడి కాంక్రీట్‌కు 900 జౌల్స్ ఉండేది, 3 శాతం తేమ ఉంటే 2020కి పోతుంది. మీ మధ్య నోడ్ వంద దగ్గర నిలబడిపోయింది అందుకే.

గది చల్లబడటం మొదలైనప్పుడు పై పొరలో దాచుకున్న వేడి రెండు వైపులా పోతుంది: కొంత బయటికి, కొంత లోపలికి. లోపలి కాంక్రీట్ అప్పుడు బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. ఈలోగా పై పొర కోలుకుంటుందా అంటే, కోలుకోదు. సిలికా కంకర కాంక్రీట్‌కు 600 డిగ్రీల దగ్గర 45 శాతం బలమే మిగులుతుంది. చల్లారాక అది ఇంకా తగ్గుతుంది. 300 డిగ్రీలు దాటిన కాంక్రీట్‌కు, అది చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర మిగిలిన బలంలో మరో పదో వంతు తీసేయమని యూరోకోడ్ 4 (ఉక్కు, కాంక్రీట్ కలిపిన నిర్మాణాల ప్రమాణం) చెబుతుంది. హాట్ రోల్డ్ కడ్డీల సంగతి వేరు, మరీ కాలకపోతే చల్లారాక చాలావరకు బలం తిరిగి తెచ్చుకుంటాయి. కానీ కాలమ్‌లో బరువు ఎక్కువగా మోసేది కాంక్రీట్ కదా. అందుకే కాలమ్ మోయగలిగే బరువు అన్నిటికన్నా తక్కువయ్యేది మంట ఉధృతంగా ఉన్నప్పుడు కాకపోవచ్చు, ఆరిన తర్వాత కావచ్చు.

ఇది కంప్యూటర్‌కే పరిమితమైన ముచ్చట కాదు. స్విట్జర్లాండ్‌లోని గ్రెట్జెన్‌బాక్‌లో 2004 నవంబరులో భూగర్భ పార్కింగ్‌లో మంటను అదుపు చేశాక కాంక్రీట్ పైకప్పు కూలి ఏడుగురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అక్కడ కాలమ్ చుట్టూ స్లాబ్‌కు చిల్లుపడే వైఫల్యం జరిగింది, మీ సమస్యతో పూర్తిగా పోల్చలేం. అయినా మంట తగ్గిందని లోపలికి వెళ్లేది మనుషులు. గంట దగ్గర లెక్క ఆపేసి 'పాస్' అని రాసిన రిపోర్టు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పరిశోధకురాలు_2
మీరు వాడిన కాంక్రీట్ మెటీరియల్ ఏది? మామూలు యూరోకోడ్ మోడలా, ఈటీసీ మోడలా? బరువు మీదుండగా మొదటిసారి వేడెక్కితే కాంక్రీట్ అదనంగా కుంచించుకుపోతుంది, దాన్ని ట్రాన్సియంట్ క్రీప్ అంటారు. అది తిరిగి రాదు. యూరోకోడ్ దాన్ని విడిగా చూపకుండా గరిష్ఠ ఒత్తిడి దగ్గరి స్ట్రెయిన్‌లోనే (అసలు పొడవుతో పోల్చిన మార్పులోనే) కలిపేసింది. మామూలు ఉష్ణోగ్రతలో 0.0025 ఉన్నది 500 డిగ్రీలకు 0.015 అవుతుంది. వేడెక్కే దశలో ఇది బాగానే పనిచేస్తుంది. చల్లారేటప్పుడు మాత్రం, తిరిగి రాకూడని స్ట్రెయిన్ కూడా తిరిగి వచ్చినట్టు లెక్క కడుతుంది. ఈ లోటు తీర్చడానికే బెల్జియంలోని లీజ్‌లో గెర్నే, ఫ్రాన్సెన్ అనే పరిశోధకులు ట్రాన్సియంట్ క్రీప్‌ను విడదీసి ఈటీసీ రాశారు. చల్లారే దశ మీద తీర్మానం చేయాలంటే అది లేకుండా చేయకండి.

కవర్_40
అందరూ ఉష్ణోగ్రత గురించే మాట్లాడుతున్నారు. పెచ్చులూడితే? కవర్ (కడ్డీల పైన ఉండే కాంక్రీట్ పొర) పోయిందంటే కడ్డీ నేరుగా మంటలోకి వస్తుంది, ఈ గ్రాఫులన్నీ మారిపోతాయి.

ఫైబర్‌బీమ్
మంచి ప్రశ్న. దీన్ని నమ్మకంగా ముందే చెప్పగల మోడల్ నేను ఇంతవరకు వాడలేదు. వేడి, తేమ, ఆవిరి పీడనం, యాంత్రిక ఒత్తిడి కలిపి లెక్క కట్టే మోడళ్లు ఉన్నాయి గానీ, మొత్తం భవనం స్థాయిలో వాటిని నడపడం చాలా కష్టం. నేను చేసేది ఇది: కవర్ పూర్తిగా ఉన్నట్టు ఒకసారి, ఫలానా నిమిషానికి పై పొర ఎలిమెంట్లు తీసేసి కొత్త అంచుకు వేడి తగిలించి మరోసారి. రెండు ఫలితాల మధ్య తేడా ఎంతుందో రిపోర్టులో దాచకుండా రాస్తాను.

ఇంగ్లండ్‌లోని కార్డింగ్‌టన్‌లో 2001లో ఏడంతస్తుల కాంక్రీట్ భవనానికి నిప్పంటించి చేసిన పరీక్ష గురించి చదవండి. సాధారణ బలం ఉన్న స్లాబ్ అడుగు విపరీతంగా పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయి. పాలీప్రొపిలీన్ ఫైబర్ కలిపిన అధిక బలం కాలమ్‌లు చక్కగా నిలిచాయి. కడ్డీలు బయటపడినా స్లాబ్ కూలలేదు, చుట్టూ చల్లగా ఉన్న భాగం బిగపట్టడంతో అది బరువు మోసింది. ఒక్క బీమ్‌ను విడదీసి కొలిమిలో పెట్టే పరీక్షలో ఇది కనిపించదు.

చల్లారేదశ
ఆ బిగపట్టడమే మరోచోట కీడు చేస్తుంది. సిలికా కంకర కాంక్రీట్ 500 డిగ్రీలకు వేడెక్కితే అడ్డులేని చోట మీటరుకు 7 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. స్లాబ్ అడుగు మాత్రమే అంత వేడెక్కుతుంది కాబట్టి మొత్తం స్లాబ్ సాగేది తక్కువే. అయినా అంచు కాలమ్‌లను పక్కకు తోయడానికి అది చాలు. కడ్డీలెక్క గారూ, మీ మోడల్‌లో కాలమ్ ఫైబర్ బీమ్ ఎలిమెంటే కదా? దానికి షియర్ వైఫల్యం (అడ్డంగా తోసే బలానికి కోసుకుపోవడం) తెలియదు. మోడల్ నిలబడిందని అంచు కాలమ్ నిలబడినట్టు కాదు. షియర్ బలాలను బయటికి తీసి, వేడెక్కిన సెక్షన్‌కు విడిగా చేతిలెక్క చేయండి.

సుత్తిదెబ్బ
నాది మోడలింగ్ కాదు, కాలిన భవనాలను పరిశీలించి మరమ్మతు చెప్పే పని. మీ ఉష్ణోగ్రత లెక్క సరిచూసుకోవడానికి ఒకటి పనికొస్తుంది. కంకరలో ఇనుము సమ్మేళనాలు ఉంటే కాంక్రీట్ సుమారు 300 డిగ్రీల దగ్గర గులాబీ రంగుకు తిరుగుతుంది, చల్లారినా ఆ రంగు పోదు. కోర్ (తొలిచి తీసిన స్తూపాకారపు నమూనా) తీసి కోస్తే ఎంత లోతుదాకా రంగు మారిందో కనిపిస్తుంది. మోడలర్ ఇచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రతల పటంలో 300 డిగ్రీల గీతను దాని పక్కన పెట్టి చూస్తాం. అన్ని కంకరలకూ రంగు రాదు, రాకపోతే వేడి తగల్లేదని అనుకోకండి. గంట దగ్గరి ఉష్ణోగ్రతలు ఇస్తే మాకు ఉపయోగం లేదు, ప్రతి నోడ్ ఎప్పుడైనా చేరిన గరిష్ఠం కావాలి.

కడ్డీలెక్క
అందరికీ కృతజ్ఞతలు. ఈటీసీ మెటీరియల్‌తో మళ్లీ నడిపాను. కూలే సమయం కొంత జరిగింది గానీ, కాలమ్ చల్లారే దశలోనే పోతోంది. బరువు తగ్గించి చూస్తే నిలుస్తోంది. ఇప్పుడు సెక్షన్ పెంచి చూస్తున్నాను. అంచు కాలమ్‌ల షియర్ విడిగా తీస్తున్నాను. చివరిగా ఒక్కటి: లెక్క ఎక్కడిదాకా నడపాలి?

చల్లారేదశ
గది ఉష్ణోగ్రత చూసి ఆపకండి. మధ్య నోడ్ గరిష్ఠానికి చేరి, దిగి, దాదాపు 20 డిగ్రీలకు వచ్చేదాకా నడపండి. పెద్ద సెక్షన్ అయితే అందుకు చాలా గంటలు పడుతుంది. స్లాబ్ తిరిగి కుంచించుకుంటూ కాలమ్‌లను లోపలికి లాగేది కూడా ఆ గంటల్లోనే, ఆ షియర్‌ను కూడా చూడండి.