థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసా పొడిగింపు: మధ్యలో డిపాజిట్ తీస్తే ఇబ్బందా?

ప్రశ్న (హువా హిన్)

అందరికీ నమస్కారం. నాకు 63 ఏళ్లు. వీసా పొడిగింపు నవంబరు 20తో ముగుస్తుంది. దానికోసం చూపవలసిన డిపాజిట్ కింద ఇక్కడి బ్యాంకులో 8,20,000 బాత్‌లు ఉన్నాయి. శ్రావణంలో విజయవాడలో మా చిన్నమ్మాయి పెళ్లి. ఆ ఖర్చుకు ఇప్పుడు 4,00,000 బాత్‌లు తీసి, హైదరాబాదులో స్థలం అమ్మిన సొమ్ము సెప్టెంబరు నెలాఖరున అందగానే తిరిగి జమ చేద్దామనుకుంటున్నాను. అది కుదరకపోతే, పింఛను చూపించి నెలసరి ఆదాయం పద్ధతికి మారవచ్చునా? దయచేసి తెలియజేయగలరు.

జవాబు (చియాంగ్ మాయి)

తీయడంలో తప్పు లేదండీ. పొడిగింపు మంజూరైన తరువాత మూడు నెలల పాటు 8,00,000 కదలకూడదు, ఆ పైన 4,00,000కు తగ్గకుండా ఉంటే చాలు. చిక్కంతా తిరిగి వేసే తేదీతోనే వస్తుంది. దరఖాస్తు నాటికి పూర్తి మొత్తం ఖాతాలో రెండు నెలలుగా ఉండాలి కనుక, మీరు ఆఖరి రోజున వెళ్లినా సెప్టెంబరు 20 నాటికే జమ కావాలి. నెలాఖరు అంటే ఆలస్యమైనట్లే. ఇక ఆదాయం పద్ధతికి నెలకు 65,000 బాత్‌ల చొప్పున విదేశం నుంచి వచ్చినట్లు పన్నెండు నెలల బ్యాంకు లెక్క అడుగుతారు కాబట్టి, ఇప్పుడు మొదలుపెడితే ఈ ఏడాదికి అందదు.

జవాబు (పట్టాయా)

అంచు మీద మాత్రం ఉంచకండి. నేను సరిగ్గా 8,00,000 ఉంచాను. డెబిట్ కార్డు వార్షిక రుసుము కింద బ్యాంకు 300 కోసుకుంది. కౌంటరులోని అధికారిణి పాస్‌బుక్‌లో 7,99,700 అన్న వరుస కింద పెన్సిలుతో గీత గీసి, మాటైనా లేకుండా కాగితాలు వెనక్కి ఇచ్చారు. ఆ ఏడాది దేశం విడిచి వెళ్లి, కొత్త వీసాతో మొదటి నుంచి రావలసి వచ్చింది. ఆ బాధ ఎవరికీ రాకూడదనే రాస్తున్నాను. దరఖాస్తు రోజు ఉదయమే వంద బాత్‌లు జమ చేసి, పాస్‌బుక్‌లో ఆనాటి తేదీ అచ్చు వేయించుకోండి, బ్యాంకు లేఖ కూడా ఆ రోజుదే తీసుకోండి.

జవాబు (బ్యాంకాక్)

స్థలం సొమ్మును నమ్ముకోవద్దని నా మనవి. అది ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాస భారతీయులు భారత్‌లో వచ్చే సొమ్మును ఉంచే ఖాతా) పడుతుంది. పన్ను లెక్క తేలి, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం ఇచ్చి, బ్యాంకు పంపేసరికి రోజులు గడిచిపోతాయి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశీ సంపాదనను భారత్‌లో దాచుకునేది) ఉంటే దానినుంచి పంపడం సులువు. మరొక ముఖ్యమైన మాట: పెళ్లికి బయలుదేరే ముందు రీఎంట్రీ పర్మిట్ (తిరిగి థాయ్‌లాండ్‌లోకి రావడానికి అనుమతి) తప్పక తీసుకోండి. ఒకసారికి 1,000 బాత్‌లు. అది లేకుండా విమానం ఎక్కితే ఉన్న పొడిగింపు కూడా రద్దవుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడ పేర ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఒకటి ఉంది. పెళ్లి కాగానే దానిని తీసి, సెప్టెంబరు 5లోగా ఇక్కడ జమ చేస్తాను. పర్మిట్ కోసం రేపే వెళుతున్నాను.