స్క్రీన్ నల్లబడితే నేరుగా ప్యానెల్ మార్చేయడమేనా?

మసకతెర:
ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది. ఫ్యాను తిరుగుతోంది, క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోంది, లాగిన్ చప్పుడు కూడా వస్తోంది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే బొమ్మ శుభ్రంగా వస్తోంది. మూత నెమ్మదిగా ఎత్తుతుంటే సగంలో ఒక్క క్షణం వెలుగొచ్చి పోతోంది. రిపేరు చేసేవారికి చూపిస్తే, విప్పకుండానే "ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర పలక) పోయింది, మార్చాలి" అన్నారు. మార్చేయమంటారా, ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

కీబోర్డుకాకి:
విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. పనైపోద్ది.

నిక్కచ్చి:
కాకి గారూ, ప్రశ్న చదివారా? మూత కదిపితే వెలుగొస్తోందట. అది డ్రైవర్ పని కాదు. విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, బయాస్‌లోకి వెళ్లినా నల్లగానే ఉంటే విండోస్‌ని తిట్టి లాభం లేదు.

మసకతెర గారూ, గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఫోన్ టార్చ్‌ని స్క్రీన్‌కి బాగా దగ్గరగా, ఏటవాలుగా వేసి చూడండి. ఐకాన్లో, లాగిన్ పెట్టో లీలగా కనిపిస్తే బొమ్మ వస్తున్నట్టే, వెనకనుంచి వెలుగే లేదన్నమాట. అలాంటప్పుడు ప్యానెల్ మార్చాలన్నవాడు అబద్ధం చెబుతున్నట్టే. ఫ్యూజో కేబులో (మదర్‌బోర్డు నుంచి స్క్రీన్‌కి వెళ్లేది) అయి ఉంటుంది.

పాతకాపు:
ఓఎల్‌ఈడీ స్క్రీన్ అయితే టార్చ్ వేసి ఉపయోగం లేదు. దానికి బ్యాక్‌లైటే, అంటే వెనకనుంచి వచ్చే వెలుగే, ఉండదు.

సోల్డర్‌బాబు:
ఈ టార్చ్ వైద్యులతో పడలేకపోతున్నాను. టార్చ్ చెప్పేది ఒక్కటే, బ్యాక్‌లైట్ వెలగట్లేదని. ఎందుకు వెలగట్లేదో అది చెప్పదు. ఇప్పుడొచ్చే 30 పిన్నుల ప్యానెళ్లలో ఎల్‌ఈడీ పట్టీ ప్యానెల్ లోపలే ఉంటుంది, దాన్ని నడిపే డ్రైవర్ చిప్ ప్యానెల్ కింద అంచున ఉన్న సన్నటి బోర్డు మీద ఉంటుంది. అవి పోయినా టార్చ్‌లో బొమ్మ లీలగా కనిపిస్తుంది. అప్పుడు ప్యానెల్ మార్చకుండా ఏం చేస్తారు? చూడకుండానే ఎదుటివాడు అబద్ధాలకోరని తేల్చేశారు, అదీ బాధ.

మసకతెర:
టార్చ్ వేశాను. లీలగా కనిపిస్తోంది, గడియారం అంకెలు కూడా చదవగలిగాను. ఓఎల్‌ఈడీ కాదు.

నిక్కచ్చి:
అదిగో. తేలిపోయింది.

సోల్డర్‌బాబు:
ఏం తేలింది? నేను రాసింది చదివారా అసలు?

నిక్కచ్చి:
చదివాను. మీరు చెప్పని సంగతి ఒకటుంది. ప్యానెల్‌లోని ఎల్‌ఈడీలు చచ్చిపోయుంటే మూత ఎత్తినప్పుడు ఒక్క క్షణం వెలుగు రాదు. కీలు దగ్గర కేబుల్ నలిగింది, అంతే. కేబుల్ అరిగి స్క్రీన్ ఆరిపోవడం కొత్తేమీ కాదు. 2016 మ్యాక్‌బుక్ ప్రోలో సరిగ్గా ఇదే జరిగింది. మూత తెరిచినప్పుడల్లా సన్నటి కేబుల్ బోర్డు అంచుకు రాసుకుని అరిగేది. ముందు స్క్రీన్ అడుగున నాటకాల స్టేజీ దీపాల్లా వెలుగు మచ్చలు, తర్వాత కొంత కోణం దాటితే పూర్తిగా చీకటి. 2019లో ఆ 13 అంగుళాల మోడల్‌కి యాపిల్ ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2018 మోడల్‌లో కేబుల్‌ని 2 మిల్లీమీటర్లు పొడుగు పెట్టారు. అంత చిన్న తేడా.

సోల్డర్‌బాబు:
మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. ఆ మోడల్‌లో కేబుల్ డిస్‌ప్లేతో కలిసే ఉంటుంది, విడిగా మార్చడానికి రాదు. అందుకే అక్కడ మొత్తం డిస్‌ప్లే మార్చాల్సి వచ్చింది. ఇక "మూత ఎత్తితే వెలుగొస్తే కేబులే" అన్నది కూడా తొందరపాటే. ప్యానెల్ వెనక కనెక్టర్ వదులైనా అంతే, ప్యానెల్ బోర్డు మీద టంకం చిట్లినా అంతే.

పాతకాపు:
మూత సెన్సర్‌ని మరిచిపోతున్నారు. మూతలో చిన్న అయస్కాంతం, కింద దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. దాని దగ్గర్లో అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు పెట్టినా మూత మూసినట్టే అనుకుని స్క్రీన్ ఆర్పేస్తుంది. టీవీలో మాత్రం బొమ్మ వస్తూనే ఉండొచ్చు.

మా రోజుల్లో బ్యాక్‌లైట్‌కి ఎల్‌ఈడీల బదులు సీసీఎఫ్‌ఎల్ అనే సన్నటి ట్యూబులుండేవి. ఆన్ చేయగానే స్క్రీన్ ఎర్రగా వెలిగి ఆరిపోతే ట్యూబు ముసలిదైందనేవాళ్లం. ఆ ట్యూబుకి కరెంటిచ్చే ఇన్వర్టర్ బోర్డు మీద కొన్ని వందల వోల్టులుండేవి, వేలు పెడితే ఎగిరి పడేవాళ్లం.

మసకతెర:
ఫోన్ పక్క గదిలో పెట్టి చూశాను, తేడా లేదు. సోల్డర్‌బాబు గారూ, విప్పి నేనే కేబుల్ ఒకసారి తీసి పెట్టి చూడొచ్చా?

సోల్డర్‌బాబు:
బ్యాటరీ కనెక్టర్ తీయకుండా మాత్రం చేయకండి, దండం పెడతాను. పవర్ ఆఫ్ చేస్తే చాలదు. ఆ కేబుల్‌లో బ్యాక్‌లైట్‌కి వెళ్లే పిన్నుల మీద 12 నుంచి 19 వోల్టుల దాకా ఉండొచ్చు. కాస్త దూరంలోనే 3.3 వోల్టుల లైను, బొమ్మ తీసుకెళ్లే సన్నటి లైన్లు. కనెక్టర్ వంకరగా లాగారంటే అవి తగులుకుంటాయి. అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే దెబ్బ ప్రాసెసర్ దాకా వెళ్తుంది. నా దగ్గరికి ఒకాయన అలాగే తెచ్చాడు. వీడియో చూసి విప్పాడట. ఇంట్లో ఏం చేశాడో ఒక్క ముక్క చెప్పలేదు. నేను విప్పి, కొలిచి, బోర్డు పోయిందని చెబితే "మీరు ముట్టుకోకముందు బాగానే ఉంది" అని పదిమందిలో అరిచి వెళ్లాడు. "ఫ్యూజో కేబులో" అని మీరు ఇక్కడ తేలిగ్గా రాసేస్తారు, మాటలు పడేది మేము.

నిక్కచ్చి:
ఇంకొకడి కోపం నా మీద చూపిస్తే ఎలా? నా సంగతీ వినండి. నా పాత ల్యాప్‌టాప్‌కి ఒక షాపులో ఇలాగే "ప్యానెల్ పోయింది" అన్నారు, మార్చారు. కొన్నాళ్లకి మళ్లీ చీకటి. ఇంకొకరు విప్పి చూపించారు. కేబుల్ కీలు దగ్గర నలిగి, ఒక తీగ మీద పూత ఊడి, రాగి కనిపిస్తోంది. అంటే మొదటి ప్యానెల్ బాగానే ఉన్నట్టేగా? అడుగుదామంటే పాత ప్యానెల్ నాకు తిరిగి ఇవ్వలేదు. "అది మేం పారేస్తామండీ" అన్నారు. ఎక్కడ పారేశారో, ఎవరి ల్యాప్‌టాప్‌లో పారేశారో!

కీబోర్డుకాకి:
😂 చివరి లైను కేక

సోల్డర్‌బాబు:
అంటే మేమందరం దొంగలమా?

నిక్కచ్చి:
ఆ మాట మీరే అన్నారు.

మోడరేటర్:
ఇద్దరూ ఆగండి. ప్రశ్న అడిగినవారికి సమాధానం కావాలి.

సోల్డర్‌బాబు:
సరే, రాస్తాను. ప్యానెల్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్‌తో మూడు చూడాలి. బ్యాక్‌లైట్‌కి కరెంటు వస్తోందా, వెలగమని చెప్పే 3.3 వోల్టుల సిగ్నల్ వస్తోందా, వెలుగు తగ్గించి పెంచే సిగ్నల్ వస్తోందా. మూడూ వస్తూ చీకటిగా ఉంటే తప్పు ప్యానెల్‌దే. కరెంటు రాకపోతే కేబులో, మదర్‌బోర్డు మీది ఫ్యూజో. ఇంకోటి, ఫ్యూజు ఊరికే పోదు, దాని వెనక ఎక్కడో షార్ట్ ఉంటుంది. అది వెతక్కుండా ఫ్యూజు మీద తీగ ముక్క అతికిస్తే బోర్డు కాలుతుంది.

ఇదంతా చూడాలంటే స్క్రీన్ చుట్టూ ఉన్న బెజెల్ విరగకుండా ఊడదీయాలి, ప్యానెల్ పడుకోబెట్టాలి, మూత కదుపుతూ కొలవాలి. చివరికి "కేబుల్ నలిగింది" అని చెబితే "ఇంతేనా, దీనికి డబ్బులా" అంటారు. ప్యానెల్ మార్చామంటే నోరెత్తకుండా ఇస్తారు. విప్పకుండా ప్యానెల్ అనేవాళ్లు ఎక్కడినుంచి పుట్టారనుకున్నారు?

నిక్కచ్చి:
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. నాకు పేచీ టార్చ్ గురించి కాదు. ఏం కొలిచారో చెప్పండి, తీసిన వస్తువు నా చేతిలో పెట్టండి. కొలిచినందుకు డబ్బులు ఇవ్వనని నేనెప్పుడూ అనలేదు.

సోల్డర్‌బాబు:
మీరు అనలేదు, సరే. మిగతావాళ్లంతా అంటారు.

పాతకాపు:
పాత ప్యానెల్ అడగడం తప్పేమీ కాదు బాబూ. నేనైతే ఇచ్చేముందే దాని వెనక స్టిక్కర్ మీది నంబరు ఫోటో తీయించుకుంటాను.

మసకతెర:
ఆయన దగ్గరికే మళ్లీ వెళ్లి, ముందు కొలవమని, కొలిచినందుకు విడిగా ఇస్తానని చెప్పాను. "కొలవడానికి ఏముందండీ, ప్యానెలే" అన్నారు మళ్లీ. వేరేచోట చూపిస్తాను.

సోల్డర్‌బాబు:
వెళ్లండి. మూత ఏ కోణంలో వెలుగుతోందో అక్కడ కూడా చూపించండి, సగం వెతుకులాట తప్పుతుంది.

కీబోర్డుకాకి:
ఇంతకీ ఆ నాలుగు కీలు నొక్కారా?