39 శాతం పనిచేసే కిడ్నీ మాత్ర అంటున్నారు, మా మావయ్యకి పనికొస్తుందా?

తీరంగాలి:
మాది సోంపేట దగ్గర పల్లె, కిడ్నీ జబ్బులకి పేరుపడిన ఉద్దానం ప్రాంతమే. నేను బెంగళూరులో ఉంటాను. మా మావయ్యకి 52 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటాడు. షుగర్ లేదు, బీపీ మామూలే. క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది) 2.1, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడకట్టే శక్తి అంచనా) 37 వచ్చాయి. మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 22. డాక్టర్ గారు డాపాగ్లిఫ్లోజిన్ 10 రాశారు. "షుగర్ లేనోడికి షుగర్ బిళ్లెందుకు" అని ఆయన ఆ స్ట్రిప్ ఫ్రిజ్ మీద పడేశాడు, ముట్టడం లేదు.

ఈలోగా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది, ఈ మాత్ర వేసుకుంటే కిడ్నీ 39 శాతం బాగుపడుతుందట. మా బావేమో ఇది మన రక్తంలోనే ఉందని, జీన్ టెస్ట్ చేయిస్తే తేలిపోతుందని, అమెరికాలో ఆ జీన్‌కి మందు కూడా వచ్చేసిందని అంటున్నాడు. పెద్దతాత, చిన్నత్త ఇద్దరూ కిడ్నీ జబ్బుతోనే పోయారు, అందుకే ఇంట్లో అందరూ వాడి మాటే నమ్ముతున్నారు. టెస్ట్ ఖర్చు చూస్తే గుండె గుభేలుమంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరుకారం77:
మా నాన్నగారికి షుగర్ ఉంది, ఇదే మాత్ర వాడుతున్నారు. మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరిగేసరికి మాకు ఒకటే టెన్షన్. మొదట్లో అలా కొంచెం పెరగడం మామూలేనని, తర్వాత కుదురుకుంటుందని డాక్టర్ గారు చెప్పారు. అలాగే కుదురుకుంది. 2020లో పేటెంట్ అయిపోయాక మన దగ్గర చాలా కంపెనీలు చేస్తున్నాయి, రేటు కూడా దిగింది. వేసుకోమనండి.

టేబుల్_14_2:
నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద సాస్ ప్రోగ్రాములు రాస్తాను. ఇలాంటి శాతాలు పుట్టేది మా టేబుళ్లలోనే, కాబట్టి అంతవరకు చెప్పగలను.

ఆ 39 వచ్చింది డాపా-సీకేడీ అనే ట్రయల్ నుంచి, 2020లో. మొత్తం 4,304 మంది, 21 దేశాలు, అందులో మన దేశమూ ఉంది. సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి బిళ్ల. సుమారు 2.4 ఏళ్లు చూశారు. లెక్కలోకి తీసుకున్నవి: ఈజీఎఫ్‌ఆర్ సగానికి పడిపోవడం, కిడ్నీ పూర్తిగా చెడిపోవడం, కిడ్నీ వల్లో గుండె వల్లో మరణం. ఉత్తుత్తి బిళ్ల వాళ్లలో 14.5 శాతం మందికి వీటిలో ఏదో ఒకటి జరిగింది, మాత్ర వాళ్లలో 9.2 శాతం మందికి. ఈ రెండింటి మధ్య, ఎంత కాలానికి జరిగిందన్నది కూడా కలిపి పోలిస్తే వచ్చేదే ఆ 39. అంటే నూటికి అయిదుగురు చొప్పున గట్టెక్కారు. మరోలా చెప్పాలంటే 19 మంది వాడితే ఒకరికి ఆ గండం తప్పింది. ఒక్క మాత్రకి ఇది చాలా మంచి ఫలితం. కానీ ఎవరి కిడ్నీ కూడా 39 శాతం బాగుపడలేదు. పాడయ్యే వేగం తగ్గింది, అంతే.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యం. ఆ ట్రయల్‌లో చేరాలంటే మీ మావయ్యకి 22 ఉన్న ఆ నిష్పత్తి కనీసం 200 ఉండాలి. ఆయన్ని గేటు దగ్గరే ఆపేసేవారు. ఉద్దానం జబ్బు తీరే అంత, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, షుగర్ ఉండదు, క్రియాటినిన్ మాత్రం చడీచప్పుడు లేకుండా ఎక్కుతుంది. కాబట్టి 39 అన్న అంకె ఆయనది కాదు.

తీరంగాలి:
అంటే వద్దంటారా అన్నా? ఆయనకి ఈ ముక్క చెప్తే ఇక జన్మలో వేసుకోడు.

టేబుల్_14_2:
అయ్యో, అలా అనలేదు! తర్వాత ఎంపా-కిడ్నీ అని ఇంకో ట్రయల్ వచ్చింది, 6,609 మందితో. మందు ఎంపాగ్లిఫ్లోజిన్, అదీ ఇదీ ఒకే జాతి. అందులో ఈజీఎఫ్‌ఆర్ 20 నుంచి 45 మధ్య ఉంటే చాలు, ప్రోటీన్ పోకపోయినా తీసుకున్నారు. సగం పైన షుగర్ లేనివాళ్లే. మీ మావయ్య ఇందులో నిక్షేపంగా చేరగలిగేవారు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు, గుండె వల్ల పోయినవాళ్లు కలిపి ఉత్తుత్తి బిళ్ల వైపు 16.9 శాతం ఉంటే, మాత్ర వైపు 13.1కి దిగింది. అయితే మూత్రంలో ప్రోటీన్ బాగా తక్కువ పోయేవాళ్లని విడిగా తీస్తే ఆ తేడా కనిపించలేదు. వాళ్లకి జబ్బు నెమ్మదిగా నడుస్తుంది, రెండేళ్లలో జరిగే ఘటనలే తక్కువ, కాబట్టి దాన్నిబట్టి పనిచేయదని తేల్చలేం. వాళ్లలో కూడా ఈజీఎఫ్‌ఆర్ ఏటేటా తగ్గే వేగం మాత్రం మాత్ర వైపు తక్కువగానే ఉంది. ఇంకో సంగతి, ఆ ట్రయల్ జరిగిన ఎనిమిది దేశాల్లో మన దేశం లేదు. మీ డాక్టర్ గారు ఊరికే రాయలేదు, దానికో ఆధారం ఉంది. కానీ వీడియోలో ఊదరగొట్టినంత లేదు.

ఇక మీ బావ చెప్పే జీన్ బహుశా ఎపీఓఎల్1. దాని ప్రమాదకర రూపాల్ని 2010లో గుర్తించారు. అవి పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో కనిపించేవి, సోంపేటలో వెతికే పని లేదు. ఆ మందు పేరు ఇనాక్సాప్లిన్. 2023లో అచ్చయిన తొలి ఫలితాల్లో పాల్గొన్నది 16 మంది, పోల్చి చూడటానికి ఉత్తుత్తి బిళ్ల గ్రూపు కూడా లేదు. మూత్రంలో ప్రోటీన్ 47.6 శాతం తగ్గింది. దీన్ని కూడా ఎవరో "కిడ్నీ సగం బాగైంది" అని వీడియో చేస్తారు, చూస్తూ ఉండండి.

ఒకే ఇంట్లో ముగ్గురికి వచ్చిందంటే జీన్ అని తేలిపోయినట్టు కాదు. ముగ్గురూ తాగింది ఒకే బోరు నీళ్లు, ఎండలో పనిచేసింది ఒకే నేల మీద. ఉద్దానం జబ్బుకి ఫలానా జీనే కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు, ఫలానా నీళ్లే అని కూడా తేల్చలేదు. స్కాన్‌లో నీటి తిత్తులు కనబడితేనో, ఇంట్లో చిన్న వయసులోనే వినికిడి పోయినవాళ్లు ఉంటేనో జీన్ టెస్ట్‌కి అర్థం ఉంటుంది. అది కూడా నెఫ్రాలజిస్ట్ అడిగితే.

పలాసస్టాఫ్:
బాబూ, నేను డయాలసిస్ వార్డులో పనిచేస్తాను. జీన్ సంగతి తర్వాత, ముందు మావయ్య నడుం నొప్పికి ఏం వాడుతున్నాడో కనుక్కో. తోట పని చేసేవాళ్లు మా దగ్గరికి వస్తే మొదట ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నారా అని అడుగుతాం. కిడ్నీ ఇలా ఉన్నప్పుడు అది పూర్తిగా మానేయాలి. డాపా మొదలుపెడితే వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు, ఏమీ తినలేని రోజు మాత్ర ఆపి ఫోన్ చేయమంటాం. ఆ మాత్రకి కింద దురద, ఫంగస్ రావచ్చు, సిగ్గుపడి చెప్పరు, మీరే అడగాలి. పాత క్రియాటినిన్ రిపోర్టులు ఎన్ని ఉంటే అన్నీ తేదీల వారీగా సర్ది పట్టుకెళ్లండి, ఒక్క 2.1 చూసి డాక్టర్ గారికి జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో తెలీదు.

తీరంగాలి:
సూది సంగతి నిజమే అక్కా, అత్తని అడిగితే వారానికోసారి అంది. రిపోర్టులు వెతకమన్నాను. ఫ్రిజ్ మీద స్ట్రిప్ సంగతి శనివారం వెళ్లి నేనే మాట్లాడతాను.